'ఉరుకు' అనే ఊళ్లో ఐదు ఉదయాలు

చర్లపల్లి

ఆ ఉదయం స్టేషన్ బయట ఉన్నవాళ్లు: నేను, మా సుధీర్ బావ, స్కూటరు ముందు నిలబడ్డ ఆయన నాలుగేళ్ల కూతురు చిన్ని. ఉన్న వస్తువులు: వీపు సంచి ఒకటి, బూట్లు రెండు జతలు (సాధనకు పాతవి, పందేనికి కొత్తవి), గుండె వేగం చూపే చేతి గడియారం, అమ్మ కట్టిచ్చిన కాజాల డబ్బా, ఒక థర్మామీటరు. కాకినాడలో నా ఉద్యోగం కొలత పరికరాలను సరిచూడటం. కొత్త చోట దిగితే ముందు అక్కడి గాలిని కొలుస్తాను. పదమూడు డిగ్రీలు. మా ఊళ్లో నడి చలికాలంలో కూడా తెల్లవారుజాము ఇంత చల్లగా ఉండదు.

"ఏం బామ్మర్ది, గింత సలిల నిక్కరేసుకొని దిగినవేంది?" అన్నాడు బావ.

"ఇక్కణ్ణించి ఇంటిదాకా పరిగెత్తుకుంటూ వద్దామని, బావగారూ. మీరు సంచి తీసుకెళ్తే చాలు."

"జర సూడు బిడ్డా, మీ మామ పిచ్చోడు," అని కూతురికి చెప్పి, సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. "నేను నెమ్మదిగ నడుపుత. ఎన్కనే రా. దారి తప్పినవనుకో, మీ అక్క నన్ను సంపుతది."

అలా చూశాను హైదరాబాద్‌ని మొదటిసారి: ఒక స్కూటరు వెనక ఎర్రదీపాన్ని చూసుకుంటూ, మంచులో.

నేను వచ్చింది పది కిలోమీటర్ల పందేనికి. ఆదివారం ఉదయం ఉప్పల్ భగాయత్‌లో మొదలై నాచారం పారిశ్రామికవాడలో ముగుస్తుంది. మగవాళ్లలో మొదటి ఆరుగురికి ఏడాదిపాటు ఒక శిక్షణ హాస్టల్లో చోటు ఇస్తారు: పడక, తిండి, కోచ్. పాతికేళ్లు నిండినవాళ్లను తీసుకోరు. నాకు వచ్చే నెలలో నిండుతాయి. చోటు దొరికితే ఏడాదిపాటు పరుగే నా పని. దొరక్కపోతే ల్యాబులో షిఫ్టులకు ఒప్పుకోవాలి. పరుగు ఆదివారాల సరదా అయిపోతుంది. మా బీచ్ రోడ్డు మీద నాతో పరిగెత్తే కుర్రాళ్లు ఎవరూ అటు వెళ్లలేదు. ఎలా ఉంటుందని అందరూ అడుగుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు నేల సంగతి. మాది పళ్లెంలాంటి నేల. అక్కడ రోడ్డు ఊపిరి పీలుస్తున్నట్టు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. మల్లాపూర్ దాటేసరికి నా గుండె మా ఊళ్లో ఎన్నడూ చూపని అంకె చూపించింది. గడియారం పాడైందేమో అనుకున్నాను. పాడవలేదు.

నాచారం

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. పెళ్లై తొమ్మిదేళ్లు. బావది కరీంనగర్ వైపు, రైల్వే సిగ్నళ్ల విభాగంలో పని. వాళ్లింట్లో రెండు తెలుగులు కాపురం చేస్తున్నాయి. కూరగాయల బండి వస్తే అక్క బాల్కనీలోంచి "అన్నా, ఆలుగడ్డ ఎట్ల?" అని అడుగుతుంది. తెచ్చి గట్టు మీద పెట్టి, నాతో "బంగాళాదుంప వేపుడు తింటావా?" అంటుంది. మన గోంగూర అక్కడ పుంటికూర. మన ఉల్లిపాయ ఉల్లిగడ్డ. మధ్యాహ్నం పుంటికూర పప్పు, జొన్నరొట్టె పెట్టింది. పప్పు మన పప్పే, పులుపు ఒక మెట్టు తక్కువ. రొట్టె మాత్రం నాకు కొత్త. రెండో రొట్టెకు అన్నం గుర్తు రాలేదు.

నిద్రపోయే వేళ చిన్ని పేచీ పెట్టింది. అక్క భుజాన వేసుకుని "ఊరుకో తల్లీ, ఊరుకో" అని జోకొట్టింది. కాసేపటికి బావ అందుకుని, "ఊకో బిడ్డా, ఊకో" అన్నాడు. పిల్ల రెండు భాషల్లోనూ ఊరుకోలేదు. చివరికి కాజా పెడితే ఊరుకుంది.

ఆ వీధిలో గాలి మారితే వాసన మారుతుంది. ఉత్తరం గాలికి ఏదో కర్మాగారం నుంచి కాల్చిన పిండి వాసన. అది ఆగిపోతే మందుల వాసన. ఏదీ లేనప్పుడు తడిసిన ఇనుము. కళ్లు మూసుకుని పడుకుని మూడింటినీ విడదీయడం నేర్చుకున్నాను. నాలుగోది ఒకటుంది, రాళ్ల వాసన. వీధి చివర ఏ కాంట్రాక్టరూ పగలగొట్టలేకపోయిన ఒక బండ ఉంది. దానికి ఆనించే ఇల్లు కట్టుకున్నారు. పడకగది కిటికీలోంచి ఆ బండ, నిద్రపోతున్న గేదెలా కనిపిస్తుంది.

భగాయత్

రెండో ఉదయం బావ నన్ను రాజమణి టీచర్‌కి అప్పగించాడు. ఒకప్పుడు రైల్వే జట్టుకు పరిగెత్తిన మనిషి, ఇప్పుడు బడిలో ఆటల టీచర్. భగాయత్ రోడ్ల మీద ఎనిమిదిమంది చేత సాధన చేయిస్తుంది. స్కూటీ మీద పక్కనే వస్తూ, హెల్మెట్ లోంచి కేకలేస్తుంది.

"నమస్కారమండీ మేడమ్ గారూ," అన్నాను.

"గారు గారు అనకు తమ్మీ, గారెలు యాదికొస్తయ్. పొద్దున్నుంచి ఏం తినలే. అక్క అను." నా కాళ్ల వైపు చూసింది. "సముద్రం కాడి నుంచి వచ్చినవంట. ఈడ గుట్టలుంటయ్, సమజైందా? మొదలు రెండు రౌండ్లు మెల్లగ."

భగాయత్ అంటే తోటల నేల అట. ఇప్పుడు తోటలు లేవు. ఇళ్లు ఇంకా రాని వీధులున్నాయి. వెడల్పాటి రోడ్లు, వెలుగుతున్న దీపాలు, ప్లాట్ల నంబరు రాళ్లు, మధ్యలో నడుమెత్తు గడ్డి. ఊరికి గీత గీసి, మనుషుల కోసం ఆగినట్టుంది. మంచులో దీపం వెనక దీపం కరిగిపోతుంటే, ఎంత పరిగెత్తినా అదే దీపం కింద ఉన్నట్టనిపిస్తుంది. ఒకసారి డిపో నుంచి మెట్రో రైలు బయటికి వచ్చింది. లోపలంతా వెలుగు, ఒక్క మనిషీ లేడు. మా తలల మీదుగా, చప్పుడు తర్వాత వచ్చేటట్టు, జారిపోయింది. మేమంతా నీళ్ల అడుగున పరిగెడుతున్నామనీ, అది పైన పడవనీ అనిపించింది.

రెండు రౌండ్లయ్యాక టీచర్ స్కూటీ హారన్ కొట్టింది. "ఇగ ఉరుకుర్రి!"

అందరూ దూసుకుపోయారు. నేను ఒక అర క్షణం వెనకపడ్డాను. మనం ఉరకడం అనే మాట వినకపోలేదు, ఉరుకులు పరుగులు అంటాం. కానీ ఉట్టి 'ఉరుకు' అని ఎవరైనా మనతో అంటారా? మన కోచ్‌లు 'పరిగెత్తు' అంటారు, కోపమొస్తే 'పరిగెత్తరా' అంటారు. అక్కడివాళ్లకు 'ఉరుకు' ఒక్కటే మాట. పిల్లవాడు బస్సు కోసం ఉరుకుతాడు, పాలు పొంగితే తల్లి ఉరుకుతుంది, మేము ఒలింపిక్ కలలు కంటూ ఉరుకుతాం.

నాకు జోడీగా నర్సింహ అన్నను పెట్టింది. నల్గొండ జిల్లా మనిషి, నాచారంలో సీసాల కంపెనీలో షిఫ్టు పని. వయసు నలభై ఒకటి. నలభై దాటినవాళ్లకు ఆ పందెంలో వేరే విభాగం ఉంది. అతను అందులో పరిగెడతాడు కాబట్టి నాకు పోటీ కాడు. పరుగులో మాట్లాడతాడు, అదొక్కటే కష్టం.

"మీ దిక్కు పెండ్లిల ఎన్ని కూరలు పెడతరే?"

"లెక్క... లేదన్నా," అన్నాను ఊపిరి మధ్యలో.

"నిజం చెప్పు, పదిహేనా?"

"ఉండొచ్చు."

"గందుకే నీకు గుట్ట ఎక్కుతుంటె దమ్మొస్తుంది." అక్కడ ఆయాసాన్ని దమ్ము అంటారు.

ఉప్పల్

సాధన తర్వాత ఉప్పల్ కూడలి దగ్గర టిఫిన్. చాయ్ పదిహేను రూపాయలు. మన దగ్గర పది, గ్లాసు కూడా పెద్దది. కానీ ఆ చాయ్ చిక్కదనానికి చెంచా నిలబడుతుంది. హోటల్ యజమాని నా చెమట చొక్కా చూసి ఏమీ అడగలేదు. ఇది గమనించండి. మన ఊళ్లో నిక్కరుతో రోడ్డెక్కితే, "ఏం బాబూ, ఇంకా ఉద్యోగం రాలేదా?" అని ఇద్దరైనా అడుగుతారు. అక్కడ పక్కనుంచి కళ్లు కూడా తిప్పకుండా వెళ్లిపోతారు. మొదట హాయిగా ఉంది. మూడోనాటికి, ఎవరైనా అడిగితే బాగుండుననిపించింది.

చిన్న ప్రమాదాలు మూడు. ఒకటి, పొడిగాలికి పెదవి పగిలి, మిర్చి బజ్జీ తింటూ ఏడ్చాను. బండివాడు కారం ఎక్కువైందనుకుని ఇంకో బజ్జీ ఊరికే ఇచ్చాడు, దానికీ ఏడ్చాను. రెండు, హబ్సిగూడ వీధులకు అంకెలే పేర్లు కదా, సులువనుకున్నాను. అంకెలు వరుసలో ఉంటాయని నాకెవరూ చెప్పలేదు, నేనే అనుకుని దారి తప్పాను. మూడు, భగాయత్ కుక్క. అది నన్ను తరిమిన ముక్కే ఆ వారంలో నా అత్యంత వేగమైన ముక్క. గడియారంలో ఉంది, కావాలంటే చూపిస్తాను.

మౌలాలి గుట్ట

శనివారం విశ్రాంతి. టీచర్ నడవమంది, అంతే. మౌలాలి గుట్ట మెట్లెక్కాను. పైన దర్గా, తెల్లటి గోడలు, అగరొత్తుల పొగ. కింద రైలు పట్టాలు పాయలు పాయలుగా విడిపోయి, మళ్లీ కలిసి, మల్కాజిగిరి వైపు మాయమవుతున్నాయి. మంచు విడుతుంటే కాలనీలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ముందు నీళ్ల ట్యాంకులు, తర్వాత ఆరేసిన బట్టలు, చివరికి మనుషులు.

మెట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల గడ్డం, మెడకు మఫ్లర్. రైల్వే గార్డుగా చేసి దిగిపోయాడట.

"రేపు ఉరికెటోళ్లల నువ్వొకడివా?" అని అడిగాడు. ఎవరో ఒకరు అడిగినందుకు నాకు ఎంత సంతోషమైందో!

"అవునండీ. మొదటి ఆరుగురిలో ఉండాలి."

"ఉండకపోతే?"

"షిఫ్టు ఉద్యోగం."

ఆయన కింద పట్టాలకేసి చేయి చూపించాడు. "ముప్పై ఏండ్లు బండికి ఎన్క డబ్బాల కూసున్న. ముంగట ఏముందో నాకెప్పుడూ కానరాలే బేటా. పోయిన జాగలే కనవడ్డయ్. మస్తుంటయ్ అవి కూడా." మఫ్లర్ సర్దుకుని, "ఫికర్ జెయ్యకు," అన్నాడు.

దిగుతున్నప్పుడు మోకాళ్లు తేలిగ్గా ఉన్నాయి. ఆ రాత్రి తొమ్మిదికే నిద్రపోయాను. కలలో కూడా మెట్లే దిగాను.

పది కిలోమీటర్లు

ఆదివారం, భగాయత్‌లో, టీచర్ నా భుజాలు రెండూ పట్టుకుని చెప్పింది.

"ఇను తమ్మీ. నువ్వు తొందరపడతవ్, మూడు రోజుల సంది సూస్తున్న. ముంగటి గుంపు ఎన్కనే ఉండు. నాచారం మలుపు కాడ నేనుంట. అప్పటికి ఎవ్వడు అలిసిండో నాకు కనవడ్తది. నేను చెప్పినప్పుడే కాళ్లిడువు, గుంపును దాటు. అంతదాంక నీ బుద్ధి పక్కన పెట్టు. నర్సింహ, నువ్వు ఈని ఎన్క ఉండు."

"నేను ఎప్పుడూ ఎన్కనే కదనే అక్కా," అన్నాడు నర్సింహ.

తుపాకీ పేలింది. మొదటి కిలోమీటర్లు బూట్ల వాన. మెట్రో స్తంభాల కింద నుంచి పోతుంటే నీడ, వెలుగు, నీడ, వెలుగు; దానికే ఒక లయ ఉంది, కాళ్లు దానికి లొంగిపోయాయి. ఉప్పల్ కూడలిలో పోలీసు ఆపిన బస్సుల కిటికీల నిండా ముఖాలు. హబ్సిగూడ దగ్గర ఒకామె పాలప్యాకెట్లు పట్టుకుని రోడ్డు దాటడానికి ఆగి, మాకు చేయి ఊపింది. నేను తిరిగి ఊపాననుకుంటాను. లేదా ఊపాలనుకున్నాను. అయిదో కిలోమీటరు తర్వాత ఈ రెంటికీ తేడా ఉండదు.

ముందు ఎనిమిదిమంది గుంపు. వాళ్ల వెనక నేను. చలి, చెమట, కాల్చిన పిండి వాసన. నాచారం వైపు ఎత్తు మొదలైంది. శరీరం ఎక్కడో కింద తన పని తాను చేసుకుంటోంది, నేను దాని పైన గాలిపటంలా వస్తున్నాను. గుంపులోంచి ఇద్దరు రాలిపోయి నా వెనక్కి వెళ్లారు. మిగిలింది ఆరుగురు. నేను ఏడోవాణ్ణి.

మలుపు దగ్గర డప్పులు కొడుతున్నారు. టీచర్ స్కూటీ మీద నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే గుంపు వేగం పెంచింది. ఆమె నా వైపు చేయి విసిరి, రోడ్డంతా వినపడేటట్టు సాగదీసి అరిచింది.

"ఊరుకోరా తమ్మీ! ఊరుకోరా!"

నేను విన్నది అది. అర్థం చేసుకున్నదీ అదే. వాళ్లు తొందరపడుతున్నారు, పోనీ, వదిలెయ్, ఇంకా టైముంది. మా అమ్మమ్మ గొంతుతో విన్నాను. మోకాలు కొట్టుకుపోయి ఏడుస్తుంటే, మసి చేతులతో ముఖం తుడిచి, ఊరుకోరా అనేది. ఎంత మెత్తటి మాట అది! నా పిడికిళ్లు విడిపోయాయి. భుజాలు దిగాయి. గుంపు దూరమైంది, ఇరవై గజాలు, ముప్పై, ఇంకా. నేను ఎంతో నెమ్మదిగా, ఎంతో విధేయంగా, వెనకపడ్డాను. ఆ ఎత్తు మీద నాకంటే సుఖంగా ఉన్న మనిషి ఆ ఉదయం హైదరాబాద్‌లో లేడు.

వెనక నుంచి నర్సింహ బూట్లు దబదబమన్నాయి. "ఏందే! అక్క గంతగనం ఒర్రుతుంటె నువ్వు నిలబడ్డవేంది?"

"ఊరుకోమంది కదన్నా!"

"ఊకొమ్మనలే! ఉరుకుమన్నది! ఉరుకు అంటె... అరె, పరిగెత్తు! పరిగెత్తండి!"

ఆ చివరి మాట అతను నా భాషలో అన్నాడు. మూడు రోజులుగా రోజుకు యాభైసార్లు విన్న మాట ఉరుకు. అర్థం తెలుసు. కానీ ఎనిమిదో కిలోమీటరులో మనిషికి నేర్చుకున్న భాష వినపడదు, పుట్టిన భాషే వినపడుతుంది.

ఉరికాను. అదెలాగో చెప్పలేను. గడియారం చూడలేదు. పారిశ్రామికవాడలో గోడ తర్వాత గోడ, గేటు తర్వాత గేటు, ఆదివారం కాబట్టి అన్నీ మూసి ఉన్నాయి. మూసిన ఊరి గుండా నా ఊపిరి ఒక్కటే ముందు పోతోంది, దాన్ని పట్టుకోవడానికి నేను. గుంపు చిట్లింది. నలుగురు ముందుకెళ్లిపోయారు. మిగిలిన ఇద్దరి వీపులు పెద్దవవుతున్నాయి. ఒకటి నీలం, ఒకటి పసుపు. చివరి మలుపులో నీలం చొక్కా మోచేయి నాకు తగిలింది. ముగ్గురం ఒకే వరుసలో గీత మీద పడ్డాం. పడ్డాం అంటే నిజంగానే పడ్డాం. నా మీద పసుపు చొక్కా, అతని మీద నీలం.

"ఎవరు ముందు?" అని పసుపు చొక్కా నన్నడిగాడు, నా మీద పడుకునే.

"తెలీదండీ."

"నాగ్గూడ తెల్వదు."

ముగ్గురికీ ఆరో స్థానం లోపలే రావాలి. ముగ్గురిలో ఇద్దరికే వస్తుంది.

చాయ్ హోటల్

ఫలితాలకు గంట పడుతుందన్నారు. బూట్లకు కట్టిన చిప్పుల లెక్క కంప్యూటర్ తేల్చాలి. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చున్నాం. నేను, నర్సింహ, బావ, బావ ఒళ్లో చిన్ని. టీచర్ వచ్చి హెల్మెట్ బల్ల మీద పెట్టింది. ముఖం ఎర్రగా ఉంది.

"ఎందుకాగినవ్ రా? ఆ మలుపు కాడ ఆ నీలం అంగీ ఏసుకున్నోడు సచ్చిపోయిండు, కాళ్లు తడవడ్తున్నయ్. అప్పుడిడిస్తె నాలుగోడివి, అయిదోడివి. ఎందుకాగినవ్?"

చెప్పాను. నర్సింహ చాయ్ పొలమారి దగ్గాడు. హోటల్ యజమాని కౌంటర్ వదిలి వచ్చి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. పక్క బల్ల వాళ్లు కూడా విన్నారు. ముందు బావ నవ్వాడు, తర్వాత హోటలంతా నవ్వింది, చివరికి టీచర్ తల పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

"నా నోరు పాడుగాను! మీ దిక్కోళ్లు వస్తే ఇగ 'పరిగెత్తండి గారూ' అని ఒర్రాల్నా?"

"అవునండీ," అన్నాను.

"చూడు, అండీ అంటుండు మల్ల!"

నేనూ నవ్వాను. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం నా వృత్తి కాబట్టి, బల్ల మీద వేలితో రాసుకుని చూశాను. హ్రస్వం, దీర్ఘం. డప్పుల మధ్య కేక పెట్టేటప్పుడు ఏ హ్రస్వమైనా సాగుతుంది. ఆమె సరిగ్గానే అంది. నేను సరిగ్గానే విన్నాను. మధ్యలో ఉన్నది ఒక్క మాత్ర.

నవ్వులు తగ్గాక టీచర్ తన గ్లాసులో చాయ్ సగం నా గ్లాసులో పోసింది. ఎండ గోడ దిగి రోడ్డు మీదికి వచ్చింది. ఎదురుగా కర్మాగారం గోడకు ఒకతను కాగితం అంటిస్తున్నాడు. జనం మూగారు. "నేను సూసొస్తనే," అని నర్సింహ లేచాడు. వద్దని నేనే లేచాను. కాళ్లు బిగుసుకుపోయాయి, పది అడుగులకు రెండుసార్లు ఆగాను. నీలం చొక్కా, పసుపు చొక్కా అప్పటికే కాగితం ముందున్నారు. ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని ఉన్నారు. నన్ను చూసి దారిచ్చారు.

పైనుంచి చదివాను. నా పేరు ఏడో వరుసలో ఉంది. ఆరో వరుసకూ దానికీ తేడా సున్నా పాయింట్ నాలుగు సెకన్లు.